టక్... టక్... ఎక్కడిదీ చప్పుడు?

గతుకు రాగానే కారు కింద ఏదో మోగుతుంది. 'షాకప్‌లు పోయినయి సార్' అంటాడు మెకానిక్. వేలు ఖర్చవుతాయి. చప్పుడు మాత్రం అలాగే ఉంటుంది! అసలు దొంగ ఎక్కడున్నాడో తేల్చుకోకుండా పార్టులు మార్చడమే దీనికంతటికీ కారణం. కాస్త చెవి పెట్టి వింటే, కొంచెం ఓపిగ్గా చూస్తే ఆ దొంగను పట్టుకోవడం కష్టమేం కాదు.

కారు కొని నాలుగైదేళ్లయింది. ఇంజిన్ బాగుంది. ఏసీ చల్లగా వస్తోంది. మైలేజీకీ ఢోకా లేదు. కానీ స్పీడ్ బ్రేకర్ దగ్గరికొచ్చేసరికి ముందు చక్రం దగ్గర ఎవరో చిన్న సుత్తితో కొట్టినట్టు 'టక్... టక్...'. పాటల శబ్దం పెంచితే డ్రైవింగ్ సీట్లో ఉన్నవాళ్లకి వినిపించదు. వెనక కూర్చున్న అమ్మమ్మకి మాత్రం వినిపిస్తుంది. 'ఏమిట్రా ఆ మోత?' అని అడుగుతుంది. 'ఏం లేదులే, పాతబడింది కదా' అనేస్తాం.

చాలా ఇళ్లలో ఈ చప్పుడు విషయంలో రెండు రకాల తప్పులు జరుగుతుంటాయి. కొందరు నెలల తరబడి పట్టించుకోరు. ఇంకొందరు విన్న మర్నాడే షెడ్డుకు తీసుకెళ్లి, మెకానిక్ ఏది చెబితే అది మార్పించేస్తారు. మొదటిది ప్రాణానికి ప్రమాదం. రెండోది జేబుకి ప్రమాదం.

ఎందుకంటే ఒకే 'టక్' రెండుచోట్ల నుంచి రావచ్చు. వందల్లో దొరికే లింక్ రాడ్ అరిగినా అదే చప్పుడు. చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్ వదులైనా ఇంచుమించు అదే చప్పుడు. మొదటిదైతే చెవులకి చికాకు, అంతే. రెండోది ఊడితే నడుస్తున్న కారు చక్రం పక్కకి వాలిపోతుంది. ఈ రెంటికీ తేడా ఉత్త చెవితో తెలియదు. పరీక్షిస్తేనే తెలుస్తుంది.

చక్రానికీ సీటుకీ మధ్య

ఎద్దుల బండిలో ఊరి బాట మీద ప్రయాణించినవాళ్లకి సస్పెన్షన్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు. అది లేకపోతే ఒళ్లెలా హూనమవుతుందో వాళ్లకి తెలుసు. చక్రం గతుకులో పడ్డా సీట్లో ఉన్న మనిషి ఎగిరిపడకుండా చూడటం సస్పెన్షన్ చేసే మొదటి పని. అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటుంది. టైరు ఎప్పుడూ రోడ్డును అంటిపెట్టుకుని ఉండేలా చూడటం. టైరు గాల్లో ఉంటే బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా ప్రయోజనం ఉండదు కదా.

తరాలపాటు మన రోడ్లనేలిన అంబాసిడర్‌లో వెనకవైపు కమాను కట్టలుండేవి. వరసగా పేర్చిన ఉక్కు పట్టీలు అవి. వాటి కీళ్లకి తరచూ గ్రీజు పెట్టించాల్సి వచ్చేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800తో మన ఇళ్లకి ముందు చక్రాల దగ్గర మరో పద్ధతి పరిచయమైంది. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిపి ఒకే నిలువు స్తంభంలా ఉంటాయందులో. దాన్ని రూపొందించిన అమెరికన్ ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరుతో 'మెక్‌ఫర్సన్ స్ట్రట్' అంటారు. 1950 ప్రాంతంలో ఫోర్డ్ కార్లలో మొదలైన ఈ పద్ధతే ఇవాళ్టి చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు ఉంటోంది.

ఇందులో ఒక్కో భాగానిది ఒక్కో పని. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు కిందికీ పైకీ ఊగుతూనే ఉండకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. లోపలున్న నూనెని సన్నని రంధ్రాల్లోంచి పోనిచ్చి ఊపును మింగేస్తుందది. చక్రాన్ని కింది నుంచి పట్టుకునేది లోయర్ ఆర్మ్. ఆ ఆర్మ్ బండి చట్రానికి కలిసేచోట రబ్బరు బుష్‌లుంటాయి. చక్రం వైపు చివర బాల్ జాయింట్ ఉంటుంది. మన భుజంలో గుండ్రటి ఎముక గుంటలో తిరిగినట్టే ఇదీ తిరుగుతుంది. మలుపులో కారు ఒక పక్కకి ఒరిగిపోకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే ఉక్కు కడ్డీ స్టెబిలైజర్ బార్. దాన్ని స్ట్రట్‌కి కలిపే చిన్న కడ్డీయే లింక్ రాడ్. స్ట్రట్ పైకొస, బానెట్ కింద శరీరానికి బిగించేచోట రబ్బరు మౌంటు, బేరింగు ఉంటాయి.

అంబాసిడర్ రోజులకీ ఇప్పటికీ ఓ పెద్ద తేడా ఉంది. అప్పట్లో కీళ్లకి గ్రీజు పెట్టేవాళ్లు. ఇప్పటి బాల్ జాయింట్లు, లింక్ రాడ్ల లోపల గ్రీజు పెట్టి, పైన రబ్బరు తొడుగు వేసి మూసేస్తారు. మళ్లీ పెట్టే పనే లేదు. కాకపోతే ఆ తొడుగు చిరిగిందంటే గ్రీజు బయటికి, దుమ్మూ నీళ్లూ లోపలికి! అక్కణ్నుంచి అరుగుదల మొదలవుతుంది. మన ఎండలకి రబ్బరు గట్టిపడి పగుళ్లివ్వడం, వానాకాలంలో చక్రాలు గంటల తరబడి బురద నీళ్లలో తిరగడం దీనికి తోడవుతాయి.

బాలానగర్ పాఠం

హైదరాబాద్‌లో బాలానగర్‌కి కార్ల పేట అన్న పేరేం లేదు. దాని పేరు వేరు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ల విమాన ఎలక్ట్రానిక్స్ విభాగం 1965 నుంచీ ఇక్కడే ఉంది. ఎప్పుడో మూతపడినా, ఐడీపీఎల్ ఇప్పటికీ ఆటోవాళ్లు పిలిచే కూడలి పేరుగా బతికే ఉంది. 1968లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పిందీ ఇక్కడే. యంత్రాల విడిభాగాలు తయారుచేసే పనిముట్లను రూపొందించడం నేర్పే సంస్థ అది. చుట్టూ సందుల్లో లేత్ మిషన్లు, మిల్లింగ్ మిషన్లు, ప్రెస్సులున్న చిన్న చిన్న పరిశ్రమలు. వెంట్రుక మందంలో వంతు తేడా వచ్చినా ముక్కని పక్కన పడేసే పని వాళ్లది.

అలాంటి చోట ఎవరికైనా ముందు నేర్పేది ఒకటే: కొలిచాకే కొయ్యి. కొలత తెలియకుండా మిషన్ ఆన్ చేస్తే లోహం వృథా. కారు చప్పుడుకీ ఇదే సూత్రం. తేల్చుకోకుండా పార్టు విప్పితే డబ్బు వృథా.

ఇదే ప్రాంతం కార్లకి ఎంత కఠిన పరీక్ష పెడుతుందో అటు తిరిగేవాళ్లకి తెలుసు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్ వైపు పెరిగిన ఉద్యోగాల కోసం కూకట్‌పల్లి, మూసాపేట, బాలానగర్ ఇళ్ల నుంచి రోజూ బయల్దేరే కార్లు లెక్కకి మిక్కిలి. పారిశ్రామికవాడలోకి వచ్చే లారీలూ, ట్రాలీ ఆటోలూ వాటికి తోడు. ఆ రద్దీ తట్టుకోవడానికే శోభన థియేటర్ నుంచి ఐడీపీఎల్ వైపు 1.13 కిలోమీటర్ల పొడవున ఆరు వరసల ఫ్లైఓవర్ కట్టి, 2021 జులై 6న ప్రారంభించారు. దానికి బాబూ జగ్జీవన్‌రామ్ పేరు పెట్టారు. పైన రోడ్డు నున్నగా సాగినా, అది దిగి కాలనీ సందుల్లోకి మళ్లాక మాత్రం స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు, పైపు కోసం తవ్వి సరిగా పూడ్చని చాళ్లు. చప్పుళ్లు పుట్టేదీ, బయటపడేదీ అక్కడే.

ముందు డిక్కీ ఖాళీ చేయండి

నవ్వకండి. చప్పుడు వేటలో మొదటి మెట్టు ఇదే. డిక్కీలో వదులైన జాకీ, పాన, స్టెప్నీ టైరు బోల్టు, వెనక సీటు గొళ్లెం, తలుపు అరలోని స్టీలు నీళ్ల సీసా, నంబరు ప్లేటు... ఇవన్నీ సస్పెన్షన్ వేషం వేసి మోసం చేస్తాయి. అన్నీ తీసి కింద పెట్టండి. జాకీని గుడ్డలో చుట్టి బిగించండి. బానెట్ ఎత్తి బ్యాటరీ క్లాంపు కదులుతోందేమో చూడండి. సైలెన్సర్ని వేలాడదీసే రబ్బర్లు తెగాయేమో కిందికి వంగి చూడండి. ఇంజిన్ ఆపి, సైలెన్సర్ చల్లారాకే చేయి పెట్టాలి సుమా.

అప్పటికీ చప్పుడు పోకపోతే ఓ కాగితం తీసుకోండి. ఈ ప్రశ్నలకి జవాబులు రాయండి. చప్పుడు ముందు నుంచా, వెనక నుంచా? ఎడమా, కుడా? చిన్న గతుకులకా, పెద్ద గుంతలకా? నెమ్మదిగా వెళ్తున్నప్పుడా, వేగంలోనా? స్టీరింగ్ తిప్పినప్పుడు పెరుగుతోందా? బ్రేకు మీద కాలు పెడితే ఆగుతోందా? పొద్దున్నే వచ్చి తర్వాత తగ్గుతోందా? వాన పడినప్పుడు మాయమవుతోందా? నలుగురు ఎక్కితే మారుతోందా?

ఇవన్నీ ఒక్కరే గమనించలేరు. నడిపేవాళ్లు రోడ్డు మీదే దృష్టి పెట్టాలి. ఇంట్లోవాళ్లని పక్క సీట్లో, వెనక సీట్లో కూర్చోబెట్టండి. పాటలూ ఏసీ ఆపండి. అద్దాలు దించి, రద్దీలేని సమయంలో పొడవాటి ప్రహరీ గోడ పక్కన నెమ్మదిగా వెళ్లండి. చప్పుడు గోడకి తగిలి తిరిగి చెవిన పడుతుంది. ఎటువైపు చక్రమో తేలిగ్గా తెలుస్తుంది. ఒకసారి ఎడమ చక్రాన్ని మాత్రమే, ఇంకోసారి కుడి చక్రాన్ని మాత్రమే గతుకు మీదుగా పోనిచ్చి చూడండి.

ఈ కాగితం ఉంటే మెకానిక్‌తో సంభాషణే మారిపోతుంది. 'అన్నా, ఏదో సప్పుడొస్తుంది, జర చూడు' అంటే 'షాకప్‌లు పోయినయి సార్, రెండూ మార్చాలె' అన్న జవాబే రావచ్చు. అదే 'అన్నా, ముందు ఎడమ దిక్కు, చిన్న గతుకులకు మాత్రమే, ఇరవై స్పీడ్‌లో టక్ టక్ అంటుంది, బ్రేకు తొక్కినా ఆగుతలేదు' అంటే? అతను నేరుగా లింక్ రాడ్ మీద చేయి వేస్తాడు. డాక్టరు దగ్గరికెళ్లి 'ఒంట్లో బాలేదు' అనడానికీ, 'మూడ్రోజులుగా రాత్రిళ్లు మాత్రమే జ్వరం' అనడానికీ ఎంత తేడానో, ఇక్కడా అంతే.

ఏ చప్పుడు ఏం చెబుతోంది?

టక్ టక్: నెమ్మదిగా వెళ్తూ చిన్న చిన్న గతుకుల మీద వరసగా వస్తే మొదటి అనుమానం లింక్ రాడ్ మీదా, స్టెబిలైజర్ బార్ బుష్‌ల మీదా. తర్వాతే బాల్ జాయింట్, స్ట్రట్ మౌంటు.

ధబ్: పెద్ద గుంతలో పడ్డప్పుడు మాత్రమే వస్తే షాక్ అబ్జార్బర్ బలహీనపడి ఉండొచ్చు. సస్పెన్షన్ పూర్తిగా కిందికి దిగి అడుగున ఉన్న రబ్బరు దిమ్మకి కొట్టుకుంటోందన్నమాట. బరువు ఎక్కువైనా ఇదే జరుగుతుంది.

కిర్రు... కీచు: స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కి దిగేటప్పుడు పాత తలుపు తెరిచినట్టు వస్తే ఎండిపోయిన రబ్బరు బుష్‌లని అర్థం. బండి ఆపి అనుమానం ఉన్న బుష్ మీద కాసిని మంచినీళ్లు చల్లి, ఆ పక్కని అదిమి చూడండి. కాసేపు చప్పుడు ఆగిందా? దొంగ దొరికినట్టే.

టంగ్: బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు వదిలినట్టు మోగితే స్ట్రట్ పైనున్న బేరింగు పట్టేసిందేమో చూడాలి. తిరగాల్సిన స్ప్రింగు తిరగక, మెలిపడి, ఒక్కసారిగా వదులుతుంది.

గడగడ: గతుకుల రోడ్డు మీద మోతతోపాటు స్టీరింగ్ చక్రం చేతిలో కూడా అదురుతుంటే టై రాడ్ ఎండ్, స్టీరింగ్ ర్యాక్ వైపు చూడాలి.

సస్పెన్షన్‌తో సంబంధంలేని చప్పుళ్లూ కొన్నున్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి కదిలించినప్పుడు 'కటకట' అంటే అది ఇరుసుకుండే సీవీ జాయింటు. వేగంతోపాటు పెరిగే 'హుమ్' అన్న హోరు చక్రం బేరింగుది కావచ్చు, ఎగుడుదిగుడుగా అరిగిన టైరుది కావచ్చు. క్లచ్ వదిలినప్పుడో, గేరు మార్చినప్పుడో 'ధడ్' మంటే ఇంజిన్ మౌంటింగులు. గతుకుల మీద మోగుతూ, బ్రేకు మీద తేలిగ్గా కాలు ఆనించగానే ఆగిపోతే బ్రేకు ప్యాడ్లు, క్యాలిపర్ పిన్నులు. ఇలాంటి చప్పుడుకి షాకప్‌లు మార్పిస్తే కొండను తవ్వినట్టే, ఎలుకైనా దొరకదు!

చేత్తో పట్టి చూడాలి

విన్నది చెవి. నమ్మాల్సింది చెయ్యి. ఈ పరీక్షల్లో మొదటిది ఇంటి దగ్గర ఎవరైనా చేయొచ్చు. మిగతావి మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి చూడొచ్చు. బండి జాకీ మీద మాత్రమే నిలిచి ఉండగా దాని కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు, రాళ్లు పెట్టి నిలబెట్టడం ఇంకా ప్రమాదం. బరువుకి తగ్గ స్టాండ్లుండాలి, నేల చదునుగా ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి, కిందున్న చక్రాలకి అడ్డు పెట్టాలి.

అదిమి వదలడం: బండి ఒక మూలని గట్టిగా రెండు మూడుసార్లు కిందికి అదిమి వదలండి. పైకి లేచి వెంటనే కుదుటపడాలి. ఊగుతూనే ఉంటే షాక్ అబ్జార్బర్ పని అయిపోయినట్టే. అయితే ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన అది కొత్తదానిలా ఉందనుకోవద్దు. పూర్తిగా పాడైనదాన్ని మాత్రమే ఇది పట్టిస్తుంది. షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె కారిన జాడ ఉందేమో కూడా చూడాలి. సన్నని తేమపొర ఉంటే కంగారక్కర్లేదు. ధారగా కారి దుమ్ము పట్టి ఉంటే మార్చాల్సిందే.

చక్రాన్ని కదపడం: చక్రం గాల్లో ఉండగా గడియారంలో పన్నెండు, ఆరు అంకెలుండే చోట పట్టి లోపలికీ బయటికీ ఊపుతారు. కదలిక ఉంటే బాల్ జాయింటో, చక్రం బేరింగో అయ్యుండాలి. ఏదో తేల్చడానికి ఒక కిటుకుంది. ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు కదలిక ఆగిపోతే బేరింగు. ఆగకపోతే బాల్ జాయింటు. అదే చక్రాన్ని మూడు, తొమ్మిది అంకెల చోట పట్టి ఊపితే వదులుగా ఉందంటే టై రాడ్ ఎండ్ వైపు అనుమానం.

లింక్ రాడ్ దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒకవైపు చక్రాన్ని మాత్రమే జాకీ మీద లేపి లింక్ రాడ్‌ని కదిపితే గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కారణం, ఒక చక్రం కిందికి వేలాడి, రెండోది నేల మీదుంటే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి లింక్ రాడ్‌ని బిగబట్టి ఉంచుతుంది. అరుగుదల దాక్కుంటుంది. రెండు చక్రాలూ నేల మీదున్నప్పుడో, రెండూ ఒకే ఎత్తులో వేలాడుతున్నప్పుడో చూస్తేనే అసలు రంగు బయటపడుతుంది. 'లింక్ రాడ్లు బాగానే ఉన్నయి' అని చెప్పి స్ట్రట్ దాకా వెళ్లేముందు, ఎలా చూశారో అడగండి.

బుష్‌లని సన్నని గడ్డపారలాంటి ప్రై బార్‌తో సున్నితంగా కదిపి చూస్తారు. రబ్బరుకీ లోపలి ఇనుప గొట్టానికీ మధ్య చీలిక కనిపిస్తే దాని ఆయుష్షు తీరినట్టు. పైన సన్నటి గీతలుంటే ఇంకా కొంతకాలం పనిచేస్తుంది. స్ట్రట్ మౌంటు అయితే బానెట్ ఎత్తి, దాని తల మీద అరచేయి ఆనించి ఉంచాలి. ఇంకొకరు స్టీరింగ్ తిప్పుతుంటే అదురు చేతికే తెలుస్తుంది.

దొంగ దొరికాక...

అరిగింది ఏదో తేలిపోయింది. మార్చేశారు. పని అయిపోయిందా? లేదు. కొత్త పార్టు ఎన్నాళ్లుంటుందన్నది బిగించే పద్ధతిని బట్టి ఉంటుంది.

లోయర్ ఆర్మ్ బుష్ సంగతే చూడండి. ఆ రబ్బరు లోపలి గొట్టాన్నీ, బయటి గొట్టాన్నీ అంటిపెట్టుకుని ఉంటుంది. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు రబ్బరు మెలి తిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా దాని బోల్టుని పూర్తిగా బిగించేస్తే, బండి కిందికి దిగగానే ఆ రబ్బరు మెలి తిరిగిపోయి అలాగే ఉండిపోతుంది. రోడ్డెక్కకముందే దానికి కష్టం మొదలైనట్టు. కొన్ని నెలల్లోనే చిరిగిపోతుంది. అందుకే ముందు బోల్టుని చేత్తో ఎక్కించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. కంపెనీ చెప్పిన బిగువుని కొలిచే టార్క్ రెంచ్‌తో బిగిస్తే మరీ మంచిది. 'మొన్ననే కదా బుష్‌లు మార్చింది, మళ్లీ మొదలైంది' అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ పొరపాటే.

షాక్ అబ్జార్బర్లని ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి జతగా మార్చాలి. ఒకపక్క కొత్తది, ఒకపక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి తీరు రెండు పక్కలా ఒకేలా ఉండదు. స్ట్రట్ విప్పినప్పుడు పైనున్న మౌంటు, బేరింగు పరిస్థితీ చూసుకోవాలి. పాడైతే అప్పుడే మార్చేయడం మేలు. వాటికోసం మళ్లీ విప్పితే కూలీ రెండుసార్లు. స్ప్రింగుని స్ట్రట్ నుంచి తీయడానికి సరైన కంప్రెసర్ పనిముట్టు కావాలి. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం మీదికొస్తుంది. ఇది ఇంట్లో చేసే ప్రయోగం కాదు.

స్ట్రట్, ఆర్మ్, టై రాడ్‌లలో ఏది విప్పినా తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. లేకపోతే టైర్లు ఒకపక్కే అరిగిపోతాయి. లింక్ రాడ్ మాత్రమే మార్చితే అలైన్‌మెంట్ అవసరం రాదు. ఎవరైనా తప్పదంటే ఎందుకో అడగండి.

ఇంకో అలవాటు గురించి చెప్పుకోవాలి. వాటర్ సర్వీసింగ్ చేసినప్పుడు బండి అడుగున డీజిలో, కాలిన ఇంజిన్ ఆయిలో కొట్టించుకోవడం కొందరికి ఇష్టం. ఆ రోజుకి కిర్రులు మాయమవుతాయి. కానీ పెట్రోలియం నూనెలు తగిలితే సహజ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పాడైపోతుంది. చప్పుడు ఆపుతున్నామనుకుంటూ బుష్‌లకి మనమే విషం పెడుతున్నట్టు! మరీ అవసరమైతే రబ్బరుకి హాని చేయని సిలికాన్ స్ప్రే వాడాలి. అదీ తాత్కాలికమే.

మార్చిన పాత పార్టుని అడిగి తీసుకోండి. చేతిలో పట్టుకుని కదపండి. లింక్ రాడ్ చివరనున్న గుండు కాస్త బిగువుగా తిరగాలి. గలగలలాడుతూ వేలాడిపోతే సరైన పార్టే మార్చారన్న భరోసా. ఆ తర్వాత మీ కాగితంలో రాసుకున్న అదే రోడ్డు మీద, అదే వేగంతో మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లండి. బిల్లు కట్టాల్సింది ఆ తర్వాతే.

ఇవి కనిపిస్తే బండి తీయొద్దు

• బాల్ జాయింట్ దగ్గర చేతికి తెలిసేంత కదలిక.
• ఒక చక్రం లోపలికో బయటికో వాలినట్టు కనిపించడం.
• బండి ఒక మూల మాత్రమే కిందికి కుంగిపోవడం. స్ప్రింగు విరిగి ఉండొచ్చు.
• నిటారుగా వెళ్లాల్సిన కారు హఠాత్తుగా పక్కకి లాగడం, తిప్పిన స్టీరింగ్ వెనక్కి రాకపోవడం.
• గుంతలో పడ్డాక కొత్తగా మొదలైన పెద్ద చప్పుడు.

ఇలాంటప్పుడు 'షెడ్డు దాకా నెమ్మదిగా పోదాంలే' అనుకోవద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, లేదా బండిని లారీ మీద పంపండి. ఔటర్ రింగు రోడ్డు మీద ఊరికి బయల్దేరేముందు అయితే ఈ జాగ్రత్త మరింత అవసరం.

రోడ్డుదీ తప్పే... మరి మనది?

సగం చప్పుళ్లకి మూలం రోడ్డే అన్నది నిజం. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో లెక్క చెప్పింది. 1988 నాటి మార్గదర్శకాల ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఇబ్బంది లేకుండా ఎక్కి దిగేలా, నున్నటి గూపురంలా ఉండాలి. మన కాలనీల్లో అడుగు వెడల్పున, గోడలా నిలబెట్టిన సిమెంటు దిమ్మెల్ని చూస్తే ఆ లెక్క ఎంతమందికి తెలుసో అర్థమవుతుంది. గుంతల సంగతి సరేసరి. రైల్వేలో పనిచేసి రిటైరైన గంగాధర్ తిలక్ కట్నం హైదరాబాద్ రోడ్ల మీద గుంతల్ని సొంత ఖర్చుతో పూడుస్తూ 'రోడ్ డాక్టర్'గా పేరు తెచ్చుకున్నారంటే పరిస్థితి ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు.

రోడ్డుని మనం ఒక్క రోజులో మార్చలేం. మన కాలిని మార్చుకోవచ్చు. వేగం రెట్టింపైతే బండి గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. నలభైలో గుంతలో పడటానికీ, ఇరవైలో పడటానికీ తేడా అందుకే అంత ఎక్కువ. గుంత తప్పదని తెలిస్తే ముందే బ్రేకు వేసి వేగం తగ్గించి, గుంత అంచుకి చేరేసరికి బ్రేకు వదిలేయండి. బ్రేకు మీద కాలుంటే బండి ముక్కు కిందికి వంగి, స్ప్రింగు అప్పటికే నొక్కుకుపోయి ఉంటుంది. దెబ్బని మింగే చోటు మిగలదు. నీళ్లు నిలిచిన చోట లోతెంతో తెలియదు కాబట్టి అక్కడ ఇంకా నిదానం. స్పీడ్ బ్రేకర్ని ఒక చక్రంతో తప్పించి పక్కనుంచి పోనివ్వడం తెలివైన పని కాదు. ఆ మెలి అంతా స్టెబిలైజర్ బార్ మీదా, లింక్ రాడ్ల మీదా పడుతుంది. టైర్లలో గాలి ఎంతుండాలో డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ మీద చూసి అంతే పెట్టించండి. ఎక్కువైతే ప్రతి దెబ్బా నేరుగా సస్పెన్షన్‌కే తగులుతుంది.

సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ 'రబ్బరు తొడుగులు చిరిగాయా, చూసి చెప్పండి' అని ఒక్క ముక్క అడగండి. చిరిగిన రోజే కనిపెడితే చప్పుడుదాకా రాకుండానే సరిచేసుకోవచ్చు.

కారుకి నోరు లేదు. దానికొచ్చిన భాష చప్పుడే. ఆ భాష నేర్చుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒక తెల్లకాగితం, ఒక అరగంట, పాటలు ఆపేసే ఓపిక చాలు. ఈసారి వెనక సీట్లోంచి 'ఏమిట్రా ఆ మోత?' అన్న ప్రశ్న వస్తే 'ఏం లేదులే' అనకండి. 'ఎటువైపు నుంచి వస్తోంది అమ్మమ్మా?' అని అడగండి. సగం పరీక్ష అక్కడే పూర్తవుతుంది.